ఇంటి బీమా ఎంతకు రాయించాలి? మళ్లీ కట్టే ఖర్చును మీరే లెక్క వేసుకునే పద్ధతి

"మా ఇల్లు ఇప్పుడు అమ్మితే అరవై లక్షలు పలుకుతుంది, అరవైకి బీమా చేయించాలా?" "లోను ఇంకా ఇరవై ఉంది, ఇరవైకి చేయిస్తే చాలదా?" ఈ మధ్య నన్ను ఎక్కువమంది అడుగుతున్న ప్రశ్నలు ఇవే. రెండు సంఖ్యలూ తప్పే. బీమాకు కావలసింది అమ్మకం ధర కాదు, అప్పు కాదు. ఇల్లు మొత్తం నేలమట్టమైతే అదే స్థలంలో, అదే కొలతల్లో, అదే రకం ఇంటిని ఈ రోజు రేట్లతో మళ్లీ కట్టడానికి ఎంత అవుతుందో ఆ మొత్తం కావాలి.

నేను ఇంజనీరును కాను. కడపలో సొంతిల్లున్న మామూలు మనిషిని. మా ఇంటి పాలసీ లోనుతో పాటే వచ్చింది, అందులో ఏం రాశారో నేను తెరిచి కూడా చూడలేదు. 2021 నవంబరు వానలకు ప్రహరీ గోడ ఒకవైపు మొత్తం పడిపోయాక పాలసీ బయటికి తీస్తే, బీమా మొత్తం సరిగ్గా లోను మొత్తమంతే ఉంది, ప్రహరీ ఊసే లేదు. గోడకు రూపాయి రాలేదు. ఆ తర్వాత పట్టుబట్టి నేర్చుకుని మా ఇంటికి, ప్రొద్దుటూరులో మా అక్కవాళ్ల ఇంటికి, ఊళ్లో అమ్మ ఉండే పాత మిద్దెకు కూర్చుని లెక్కలు వేశాను. ఆ మూడు ఇళ్లూ మూడు రకాలు, మూడింటిలో వేర్వేరు తప్పులు చేసి దిద్దుకున్నాను. అవన్నీ ఇందులో ఉన్నాయి. ఒక ఆదివారం, ఇంకో రెండు సాయంత్రాలు కేటాయిస్తే మీరూ చేసుకోగలరు.

## 1. మీ పాలసీ ఏ రకమో ముందు చూసుకోండి

2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఇళ్లకు బీమా చేసే కంపెనీలు "భారత్ గృహ రక్ష" అనే ఒకే నమూనా పాలసీ ఇస్తున్నాయి, దానితో పాటు వేరే రకం పాలసీలూ ఉండొచ్చు. అగ్ని ప్రమాదం, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, వాటర్ ట్యాంకు పగలడం, అల్లర్లు ఇవన్నీ అందులోనే ఉంటాయి. దీనిలో బీమా మొత్తం లెక్క వేసే పద్ధతి ఇది: ఇంటి కార్పెట్ ఏరియా చదరపు మీటర్లలో తీసుకుని, దాన్ని చదరపు మీటరుకు నిర్మాణ ఖర్చుతో గుణిస్తారు. ప్రహరీ, సంపు లాంటి అదనపు కట్టడాలకు వేరుగా మొత్తం చూపిస్తారు. ఆ రేటు చెప్పాల్సింది మీరే, ఒప్పుకోవాల్సింది కంపెనీ. అందుకే ఈ కష్టమంతా.

ఈ పాలసీలో ఒక పెద్ద ఊరట ఉంది. బీమా తక్కువకు చేయించారని చెప్పి చిన్న నష్టంలో కూడా కోత పెట్టే పద్ధతి ఇందులో తీసేశారు. మిగతా రకం పాలసీల్లో ఆ కోత ఉండొచ్చు. 30 లక్షల ఇంటికి 15 లక్షలకే బీమా ఉండి, వంటగది కాలి 6 లక్షల నష్టం వస్తే, కోత ఉన్న పాలసీలో 3 లక్షలే ఇస్తారు, గృహ రక్షలో 6 వస్తుంది. కానీ ఇల్లంతా పోతే ఏ పాలసీలోనైనా రాయించిన 15కు మించి రాదు. కోత లేదు కదా అని తక్కువకు రాయించుకుంటే దెబ్బ తగిలేది అక్కడే.

పాలసీ కాగితంలో వెంటనే చూడాల్సినవి:

- పాలసీ పేరు, గడువు
- ఇంటి కట్టడానికి ఎంత, సామాన్లకు ఎంత
- కార్పెట్ ఏరియా, రేటు ఎంతని రాశారు
- ప్రహరీ, సంపు, బయటి బాత్రూం, షెడ్డు పేరుపేరునా ఉన్నాయా
- బ్యాంకు పేరు ఉందా (ఉంటే క్లెయిం డబ్బు ముందు బ్యాంకుకే వెళ్తుంది)

ఇంకో మాట. లోనుతో పాటు కట్టించుకున్నది జీవిత బీమానో ఇంటి బీమానో కూడా చూడండి. లోను తీసుకున్న మనిషికి ఏమైనా అయితే అప్పు తీర్చే పాలసీని ఇంటి బీమా అనుకుని ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉన్నవాళ్లను నేను చూశాను.

## 2. దగ్గర పెట్టుకోవాల్సినవి

పొడవైన టేపు (30 మీటర్లదైతే మంచిది), గళ్ల నోట్‌బుక్, ఫోన్, టేపు ఇంకో చివర పట్టుకునే మనిషి. కాగితాల్లో అప్రూవ్డ్ ప్లాను, ఇంటి పన్ను రసీదు, కట్టినప్పటి బిల్లులు ఏవైనా ఉంటే అవి. రిజిస్ట్రేషన్ దస్తావేజు కూడా తీసి పెట్టుకోండి, కొలతలు సరిపోల్చుకోవడానికే తప్ప అందులోని విలువ కోసం కాదు. రిజిస్ట్రేషన్ శాఖ కట్టడానికి వేసే రేటు స్టాంపు డ్యూటీ కోసం ఉన్నది, ఆ డబ్బుతో బేల్దారి (తాపీ మేస్త్రి) పని మొదలుపెట్టడు.

ప్లాను ఉంది కదా అని కొలవడం మానుకోవద్దు. ప్లానులో ఒకటి, కట్టింది ఒకటి ఉండే ఇళ్లే మన దగ్గర ఎక్కువ. వెనక ఒక గది, మెట్ల కింద బాత్రూం తర్వాత వచ్చి చేరుతాయి.

## 3. కొలవడం

ముందు బయటి గోడలు కొలవండి, తర్వాత లోపలి గదులు. ఈ వరస మార్చొద్దు. గదులతో మొదలుపెడితే ఎక్కడో ఒక నడవ, ఒక మూల వదిలేస్తాం, వదిలేసినట్టు కూడా తెలియదు.

బయట: పొడవు, వెడల్పు కొలిచి నోట్‌బుక్‌లో గీసుకోండి. వంకర స్థలమైతే దీర్ఘచతురస్రాలుగా ముక్కలు చేసుకుని విడివిడిగా కొలవండి. వరండా, పోర్టికో, బాల్కనీలు వేరుగా రాసుకోండి, వాటిని ఇంటి కొలతలో కలపొద్దు.

లోపల: ఒక్కో గది గోడ నుంచి గోడకు. బీరువా అడ్డముంటే దాని ముందు నుంచి కాకుండా పైనుంచి టేపు లాగండి. గోడల మందం తలుపు దగ్గర కొలిస్తే సరిగ్గా తెలుస్తుంది.

సరిచూడటం: ఒక వరసలో ఉన్న గదుల పొడవులు, వాటి మధ్య గోడల మందాలు, రెండు బయటి గోడలు కలిపితే బయటి పొడవు రావాలి. రెండు మూడు అంగుళాల తేడా వస్తే ఫర్వాలేదు, అడుగు తేడా వస్తే మళ్లీ కొలవండి.

కార్పెట్ ఏరియా అంటే బయటి గోడలు తీసేసి లోపల మిగిలే నేల. లోపలి అడ్డగోడల కింది స్థలం అందులో కలుస్తుంది. గృహ రక్ష పాలసీలో వరండా, బాల్కనీ, టెర్రస్, పార్కింగ్‌లను వాటి నేలలో నాలుగో వంతు చొప్పునే లెక్కలోకి తీసుకుంటారు. చదరపు అడుగుల్ని 10.764తో భాగిస్తే చదరపు మీటర్లు వస్తాయి. సెంట్లు, అంకణాలు ఈ లెక్కలోకి తేవద్దు. అంకణం ఒక ఊళ్లో ఒక కొలత, ఇంకో ఊళ్లో ఇంకో కొలత, పైగా అది స్థలం మాట.

ఇవి కూడా కొలుచుకోండి:

- ప్రహరీ మొత్తం పొడవు, ఎత్తు, ఇటుకా బండలా
- సంపు, సెప్టిక్ ట్యాంకు లోతు, పొడవు, వెడల్పు
- మిద్దె మీద మెట్లగది, పిట్టగోడ
- బయటి బాత్రూం, రేకుల షెడ్డు, పశువుల కొట్టం
- సోలార్ ప్యానెళ్లు ఎన్ని కిలోవాట్లు

## 4. ఇల్లు దేనితో కట్టారో రాసుకోండి

రేటు అడగడానికి ముందు ఇది ఉండాలి. "వెయ్యి అడుగుల ఇల్లు, ఎంతవుతుంది?" అని అడిగితే ప్రతివాళ్లూ తమ మనసులో ఉన్న ఇంటికి రేటు చెప్తారు, మీ ఇంటికి కాదు.

ఒక పేజీలో ఇవన్నీ రాయండి: పునాది ఎంత లోతు, రాతిదా పిల్లర్లా; గోడలు ఎర్ర ఇటుకా, సిమెంటు ఇటుకా, రాయా; స్లాబు ఎత్తు; నేల టైల్సా, గ్రానైటా, కడప బండలా, బేతంచర్ల బండలా; వాకిలి టేకా, మిగతా తలుపులు ఫ్లషా; కిటికీలు కొయ్యా, యూపీవీసీనా; బాత్రూములు ఎన్ని; గోడలకు బిగించిన కప్‌బోర్డులు, వంటగది అల్మరాలు; ఫాల్స్ సీలింగ్ ఎన్ని గదుల్లో.

పునాది దగ్గర కొంచెం ఆగాలి. కడపలో మా వీధిలో మొరం గట్టిగా ఉంటుంది, తక్కువ లోతులోనే పునాది నిలబడుతుంది. ప్రొద్దుటూరులో అక్కవాళ్లది నల్లరేగడి. వానకు ఉబ్బి ఎండకు నెర్రెలిచ్చే నేల, అక్కడ లోతుగా తవ్వాలి, రేగడి తీసేసి మొరమో ఇసుకో నింపాలి, కమ్మి (ఇనుప చువ్వలు) ఎక్కువ వాడాలి. మొదట నేను కడప రేటునే వాళ్ల ఇంటికి వేశాను. అక్కడి మేస్త్రి చూసి, "అన్నా, ఇది మీ ఊరి నేల లెక్క, ఈడ పునాదిలోనే సగం పాణం పోతాది" అన్నాడు. కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి భూముల్లో కట్టుకున్నవాళ్లు పునాది ఖర్చును విడిగా అడగండి. పాలసీలో బేస్‌మట్టం, పునాది కలిపి బీమా అయ్యేలా రాయించండి. నిప్పుకు పునాది కాలకపోవచ్చు గానీ వరద నీళ్లు కింద కోసేస్తే మిగలదు.

## 5. రేటు ముగ్గురి దగ్గర కనుక్కోండి

ముగ్గురూ వేర్వేరు రకం మనుషులై ఉండాలి:

1. మెటీరియల్‌తో సహా ఇళ్లు కట్టించే కాంట్రాక్టరు
2. కూలి కాంట్రాక్టు చేసే బేల్దారి మేస్త్రి
3. బ్యాంకులకు వాల్యుయేషన్ రాసే ఇంజనీరు

రాసుకున్న పేజీ ముగ్గురికీ అదే చూపించండి. "అన్నా, ఇదే ఇల్లు ఇదే మాదిరి ఇప్పుడు మళ్లీ కట్టాలంటే చదరపు అడుగుకు ఎంత పడుతుంది, ఏమేమి కలిపి చెప్తున్నారు?" అని అడగండి. రెండో సగం ముఖ్యం. కూలి కాంట్రాక్టు రేటుకు, మొత్తం రేటుకు బోలెడు తేడా ఉంటుంది. కూలి రేటు విని మొత్తం రేటనుకుని ఇల్లంతా చాలా చవగ్గా లెక్క కట్టుకున్నవాళ్లు ఉన్నారు.

రేటులో ఇవి కలిశాయో లేదో ఒక్కొక్కటీ అడిగి టిక్కు పెట్టుకోండి:

- పునాది, బేస్‌మట్టం నింపడం
- కరెంటు వైరింగు, స్విచ్చులు, ప్లంబింగు
- టైల్స్ లేదా బండలు, పరచే కూలి
- తలుపులు, కిటికీలు, గ్రిల్స్
- పుట్టీ, రంగులు
- మెట్లు, పిట్టగోడ
- జీఎస్టీ

ముగ్గురూ చెప్పింది నమ్మేలా ఉందా అని చూడటానికి ఒక మోటు లెక్క ఉంది. వెయ్యి చదరపు అడుగుల మామూలు స్లాబు ఇంటికి దాదాపు 400 బస్తాల సిమెంటు, మూడున్నర నుంచి నాలుగు టన్నుల కమ్మి పడుతుంది. ఆ వారం సిమెంటు బస్తా, కమ్మి టన్ను ధర దుకాణంలో కనుక్కుని ఈ రెండింటి ఖర్చు వేసుకోండి. ఎవరైనా ఇచ్చిన రేటులో ఈ రెండూ, కూలీ పోగా టైల్స్‌కూ తలుపులకూ రంగులకూ ఏమీ మిగలకపోతే ఆ రేటు పని చేయదు.

పాత రేట్లు తీసుకురావద్దు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందు రాయించుకున్న ఎస్టిమేటులో సిమెంటు లెక్క ఒకలా ఉంటుంది, ఇప్పుడు ఇంకోలా ఉంటుంది. మూడేళ్ల కింద పక్కింటివాళ్లకు ఎంతయిందో అసలు పనికిరాదు.

ముగ్గురి రేట్లలో సగటు తీసుకోమని చాలామంది చెప్తారు. నేను పై రేటుకు దగ్గరగా తీసుకుంటాను. ఇల్లు పోయేది ఒంటరిగా కాకపోవచ్చు. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడినప్పటిలా, 2009 అక్టోబరులో కర్నూలు మునిగినప్పటిలా ఒక ప్రాంతమంతా ఒకేసారి దెబ్బతింటే అందరికీ అదే మేస్త్రి కావాలి, అదే ఇసుక కావాలి, అదే టిప్పరు కావాలి. అప్పటి రేటు మామూలు రోజుల రేటు కాదు.

## 6. మొత్తం వేయడం: ఒక ఉదాహరణ

ఇందులోని రేట్లు పద్ధతి చూపించడానికి నేను అనుకున్నవి. మీకు దొరికిన రేట్లు వాటి స్థానంలో పెట్టుకోండి.

ఒకే అంతస్తు స్లాబు ఇల్లు, బయటి కొలత 30 × 40 అడుగులు, అంటే 1,200 చదరపు అడుగులు. ముందు వరండా 30 × 6, అంటే 180 చదరపు అడుగులు.

ఇంటి కట్టడం:

- అసలు ఇల్లు: 1,200 × 2,100 = 25,20,000
- వరండా: 180 × 1,200 = 2,16,000
- మిద్దె మీద మెట్లగది: 90,000
- బిగించిన కప్‌బోర్డులు, వంటగది అల్మరాలు: 2,50,000
- మొత్తం: 30,76,000

అదనపు కట్టడాలు:

- ప్రహరీ 120 అడుగులు × 1,300 = 1,56,000
- గేటు: 40,000
- సంపు, సెప్టిక్ ట్యాంకు: 1,60,000
- మొత్తం: 3,56,000

రెండూ కలిపి 34,32,000 రూపాయలు.

పై అంతస్తు ఉంటే దానికి వేరే రేటు అడగండి. పునాది ఖర్చు అప్పటికే కింద లెక్కలో ఉంటుంది కాబట్టి పై అంతస్తు కొంచెం తక్కువకు వస్తుంది.

శిథిలాలు ఎత్తిపోయడం, ఇంజనీరు ఫీజు సంగతి చాలామంది మర్చిపోతారు. గృహ రక్షలో శిథిలాల తొలగింపుకు క్లెయిం మొత్తంలో 2 శాతం వరకు, ఆర్కిటెక్టు, సర్వేయరు, ఇంజనీరు ఫీజులకు 5 శాతం వరకు విడిగా ఇస్తారు, అందుకే పై లెక్కలో కలపలేదు. వేరే పాలసీ అయితే ఉందో లేదో అడిగి, లేకపోతే కలుపుకోండి. మన ఉదాహరణలో 2 శాతమంటే సుమారు 69 వేలు. స్లాబు ఇల్లు కూలిన చోట బ్రేకరు, జేసీబీ, ట్రాక్టర్ ట్రిప్పులు కలిపి ఎంతవుతుందో, మీ సందులోకి జేసీబీ అసలు వస్తుందో రాదో మేస్త్రిని అడగండి.

సోలార్ ఉంటే పూర్తి ధర రాయండి. పీఎం సూర్య ఘర్ (ఇళ్ల మీద సోలార్‌కు కేంద్రం పథకం) కింద వచ్చిన సబ్సిడీ (గరిష్ఠంగా 78,000) పోను మీరు కట్టిన మొత్తాన్ని కాదు. రెండోసారి సబ్సిడీ వస్తుందని లెక్క వేసుకోవద్దు.

## 7. అసలు చిక్కు ఇక్కడే: రేటును మార్చడం

ఈ ఒక్క భాగాన్ని తొందరపడకుండా చదవండి. నేను చూసినంతలో ఎక్కువ నష్టం చేసే తప్పు ఇదే, పైగా లెక్క సరిగ్గానే వేశామనే ధైర్యంతో చేసే తప్పు.

మేస్త్రి చెప్పే రేటు బయటి గోడలతో సహా మొత్తం కట్టుబడికి. పాలసీ గుణించేది కార్పెట్ ఏరియాతో. ఒక కొలతకు చెప్పిన రేటును ఇంకో కొలతకు వేస్తే గోడల ఖర్చంతా గాల్లో కలిసిపోతుంది.

మన ఉదాహరణే చూద్దాం. తొమ్మిదంగుళాల బయటి గోడలు తీసేస్తే లోపల 28.5 × 38.5, అంటే 1,097 చదరపు అడుగులు. వరండాలో నాలుగో వంతు 45. కలిపి 1,142. దాన్ని 10.764తో భాగిస్తే సుమారు 106 చదరపు మీటర్లు.

తప్పు పద్ధతి: అడుగుకు 2,100 కదా అని మీటరుకు మార్చి 22,604 అని రాయించారు. 106 × 22,604 = సుమారు 23,96,000.

సరైన పద్ధతి: ఇంటి కట్టడం మొత్తం 30,76,000ను 106తో భాగించండి. చదరపు మీటరుకు సుమారు 29,020. రాయించాల్సిన రేటు ఇది.

తేడా దాదాపు 6 లక్షల 80 వేలు. బయటి గోడలతో పాటు మెట్లగది, కప్‌బోర్డులు, వరండాలో సగానికి పైగా ఖర్చు కూడా లెక్కలోంచి జారిపోయాయి. ఇల్లు అదే, మేస్త్రి అదే, రేటు కూడా అదే.

టెర్రస్‌ను మీ కంపెనీ కార్పెట్ ఏరియాలో ఎలా చేరుస్తుందో ముందే అడగండి. ఎలా చేర్చినా ఫర్వాలేదు, ఎందుకంటే మీరు మొత్తాన్ని ఏరియాతో భాగించి రేటు తెస్తున్నారు. ఏరియా పెరిగితే రేటు తగ్గుతుంది, మొత్తం కదలదు. మొత్తం కదిలిందంటే ఎక్కడో తప్పు పడిందన్నమాట.

ఏజెంటు కంప్యూటర్లో ఒక రేటు ముందే ఉండొచ్చు, "సార్, సిస్టమ్ ఇదే తీసుకుంటుంది" అనొచ్చు. మీ లెక్క పేజీ, ఇంజనీరు సంతకంతో ఉన్న ఎస్టిమేటు ఇచ్చి, ఈ రేటు ఒప్పుకుంటారో లేదో రాతపూర్వకంగా చెప్పమనండి.

## 8. మామూలు స్లాబు ఇల్లు కాకపోతే

పాత మిద్దెలు. ఊళ్లో మా అమ్మ ఉండేది రాతి గోడలు, కొయ్య దూలాలు, దంతెలు, పైన చౌడు మట్టి ఉన్న మిద్దె. గోడలు రెండడుగుల మందం. పై తప్పు ఇలాంటి ఇంట్లో ఇంకా పెద్దదవుతుంది: బయట 30 × 40 ఉంటే లోపల 26 × 36, అంటే 1,200కు 936 మాత్రమే. ఐదో వంతు కంటే ఎక్కువ గోడల్లోనే ఉంది.

అంతకన్నా కష్టం ఏమంటే, అలాంటి ఇల్లు మళ్లీ కట్టే మనుషులు తగ్గిపోయారు, టేకు దూలాల ధర అడిగితే గుండె ఆగుతుంది. నేను రెండు లెక్కలు వేశాను. ఒకటి అదే మాదిరి రాయి, కొయ్యతో. రెండోది అంతే నేల ఉన్న సాదా స్లాబు ఇల్లు. అమ్మనే అడిగాను, ఇల్లు పోతే ఏది కావాలని. "ఇంకా ఆ దూలాలు ఎవురు మోస్తార్రా, స్లాబే వేయించు" అంది. రెండో మొత్తానికి రాయించాం, కప్పు మట్టిదని ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాశాం. గోడ రకం, కప్పు రకం తప్పు చెప్తే ఎంత పెద్ద మొత్తం రాయించినా క్లెయిం దగ్గర చిక్కే.

ముందు గది షాపుకు బాడుగకు ఇచ్చినవాళ్లు. గృహ రక్ష నివాసానికే. షాపు భాగాన్ని విడిగా కొలిచి, దానికి వ్యాపార పాలసీ అడగండి. 5 కోట్ల లోపు ఆస్తి ఉన్న చిన్న వ్యాపారాలకు భారత్ సూక్ష్మ ఉద్యం సురక్ష అని ఉంది.

ఫ్లాట్లు. కొన్న ధరలో స్థలం వాటా, బిల్డరు లాభం ఉంటాయి. మీ ఫ్లాటు నిర్మాణ ఖర్చు మాత్రమే తీసుకోండి. మెట్లు, లిఫ్టు, ఉమ్మడి గోడలకు అసోసియేషన్ పాలసీ ఉందా అని అడగండి.

## 9. సామాన్లు

గృహ రక్షలో ఇంటి కట్టడంతో పాటు సామాన్లకు కట్టడం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు దానంతటదే వస్తుంది. ఎక్కువ కావాలంటే జాబితా ఇచ్చి పెంచుకోవాలి. బంగారం, విలువైన వస్తువులకు విడిగా చెప్పి రాయించాలి.

గోడకు బిగించినది ఇంట్లోకి, ఊడదీసి పట్టుకెళ్లగలిగేది సామాన్లలోకి. రెండు చోట్లా రాస్తే ప్రీమియం వృథా, ఎక్కడా రాయకపోతే వస్తువే పోతుంది. ఒక్కో గది మధ్యలో నిలబడి ఫోన్‌లో నిదానంగా చుట్టూ వీడియో తీయండి, బీరువాలు తెరిచి మరీ.

## 10. తరచూ జరిగే తప్పులు, దిద్దుకునే దారి

స్థలం విలువ కలిపేశారు. ప్రీమియం దండగ, క్లెయింలో స్థలానికి ఏమీ రాదు. పై లెక్క వేసి, రెన్యువల్‌లో తగ్గించుకోండి.

లోను మొత్తానికే చేయించారు. ఇల్లంతా పోతే బ్యాంకు తన అప్పు తీసుకుంటుంది, అప్పు ఇంకా చాలావరకు బాకీ ఉంటే మీకు దాదాపు ఖాళీ స్థలమే మిగులుతుంది. పాలసీ మధ్యలోనే మొత్తం పెంచమని అడగొచ్చు, గడువు అయ్యేదాకా ఆగక్కర్లేదు.

ఇల్లు పాతదని తగ్గించి రాశారు. మీ ఇంటికి ముప్పై ఏళ్లు ఉండొచ్చు, కొత్తగా కొనే సిమెంటుకు ముప్పై ఏళ్ల కిందటి ధర ఉండదు. వయసు చూసి తగ్గించొద్దు. అరుగుదల తీసేసి ఇచ్చే పాలసీనా, మళ్లీ కట్టే ఖర్చు ఇచ్చే పాలసీనా అని మాత్రం అడిగి రాయించుకోండి.

తర్వాత కట్టింది చెప్పలేదు. పై గది వేసిన నెలలోనే కంపెనీకి ఉత్తరం పెట్టండి.

పగుళ్లన్నీ బీమాలోకి వస్తాయనుకున్నారు. కొత్త ఇల్లు సర్దుకునేటప్పుడు వచ్చే మామూలు పగుళ్లు, నాసిరకం పని వల్ల వచ్చిన నష్టం బీమా కిందికి రావు. రేగడి నేలల్లో ఉన్నవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి. మొత్తం పెంచినంత మాత్రాన అది మారదు.

## 11. పాలసీ చేతికొచ్చాక

- కార్పెట్ ఏరియా, రేటు, మొత్తం మీ పేజీతో సరిపోయాయా
- ప్రహరీ, గేటు, సంపు, షెడ్డు పేర్లతో ఉన్నాయా
- గోడ, కప్పు రకం నిజంగా ఉన్నట్టే ఉందా
- డోర్ నంబరు, సర్వే నంబరు తప్పు లేకుండా ఉన్నాయా

ఒక్క అక్షరం తేడా ఉన్నా వెంటనే మెయిల్ పెట్టి సరిచేయించండి, ఫోన్‌లో చెప్పి వదిలేయొద్దు.

ఒక ఏడాదికి మించిన గడువు తీసుకుంటే గృహ రక్షలో ఇంటి మొత్తం ఏటా 10 శాతం దానంతటదే పెరుగుతుంది, అదనపు ప్రీమియం లేకుండా. ఏడాది పాలసీ అయితే ఆ పని మీదే. రెన్యువల్‌కు నెల ముందు సిమెంటు, కమ్మి, కూలి ధరలు మళ్లీ అడిగి 6వ భాగంలోని లెక్క తిరగరాయండి. కొలతలు మారవు కాబట్టి రెండోసారి గంట పని.

కొలతల పేజీ, ముగ్గురి రేట్లు, ఇంజనీరు ఎస్టిమేటు, పాలసీ, వీడియోలు ఇవన్నీ ఒక కాపీ ఇంటి బయట ఉండాలి. బీరువాలో మాత్రమే పెడితే ఇంటితో పాటే తడుస్తాయి, ఇంటితో పాటే కాలతాయి. మావి ప్రొద్దుటూరులో అక్క దగ్గర ఉన్నాయి, అక్కవాళ్లవి మా దగ్గర ఉన్నాయి, రెండూ మెయిల్లో కూడా ఉన్నాయి.